తమరికి ఎన్నొచ్చాయి? హంబకర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రీప్లేస్‌మెంట్ హంబకర్ గారి (అనగా గిటారులో పాతది పీకి పెట్టుకునే, తీగల ఊపును కరెంటు సంకేతంగా మార్చే రెండు కాయిల్స్ పికప్ గారి) సముఖమునకు, విజయవాడ నుంచి గిటారు వాయించుకునే ఒక సామాన్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మా ట్రూప్‌లో రిథమ్ వాయించే కుర్రాడి ఫోన్‌లో, కార్ట్‌లో తమరు నెలల తరబడి కొలువై ఉన్నారు. వాడి గిటారు ఖరీదు కంటే తమరి జత ఖరీదే ఎక్కువ. అయినా వాడికి మనసాగడం లేదు. ఉన్న పికప్స్‌లో "ప్రాణం లేదన్నా" అంటాడు. తమరు వస్తే ప్రాణం వస్తుందని యూట్యూబ్‌లో ఎవరో వాయించి చూపించారట. ఆ వాయించినాయన వెనకాల మనిషెత్తు ట్యూబ్ ఆంప్లిఫయర్ ఉంది. మావాడిది పది వాట్ల ప్రాక్టీస్ ఆంప్. దాని మీద ఎప్పుడూ ఓ తడి తువ్వాలు ఆరుతూ ఉంటుంది. అంచేత తమరు కొరియర్ ఎక్కేలోపే నాలుగు మాటలు విన్నవించుకుందామని ఈ ఉత్తరం.

ముందు తమరి వంశచరిత్ర. గిబ్సన్ గిటార్ల కంపెనీలో పనిచేసిన సేత్ లవర్ గారు తమరి మూలపురుషుడి కోసం 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1957 నుంచి ఆ పికప్స్ గిటార్ల మీదికి ఎక్కాయి. అడుగున "పేటెంటుకు దరఖాస్తు చేయడమైనది" అని చిన్న స్టిక్కర్. 1959లో పేటెంటు రానే వచ్చింది, స్టిక్కర్ మాత్రం మరికొన్నేళ్లు అలాగే అంటిస్తూ పోయారు. ఎట్టకేలకు నంబరున్న స్టిక్కర్ తెచ్చారు కదా, ఆ నంబరు పికప్‌ది కాదు! గిటారిస్టు లెస్ పాల్ గారి పేరున ఉన్న, తీగలు ఆనే బ్రిడ్జి, వాటిని పట్టి ఉంచే టెయిల్‌పీస్ పేటెంటుది. ఏ మండలాఫీసూ ఇంత నిబ్బరంగా పని చెయ్యలేదు. దరఖాస్తు పెండింగ్ అని రాసి ఉన్న ఆ పాత పికప్స్ ఇవాళ లక్షల్లో పలుకుతున్నాయి. ఈ లెక్కన పాసుపుస్తకాల కోసం తిరుగుతున్న మా బాబాయి దగ్గరున్న కాగితాలకు ఎంతొస్తుందో కనుక్కోవాలి.

అప్పటి చుట్టుడు యంత్రాల పనీ అలాగే ఉండేది. ఒక్కో కాయిల్‌కు సుమారు 5000 చుట్లు, కొన్ని అటూ కొన్ని ఇటూ. అయస్కాంతం ఆల్నికో అనే మిశ్రమలోహపు రకాల్లో రెండో, మూడో, నాలుగో, అయిదో, ఆ రోజు చేతికేది తగిలితే అది. కొన్ని చప్పగా కుదిరాయి, కొన్ని అమృతంలా కుదిరాయి. ఇప్పుడు తమరి తయారీదారులు ఆ తేడాలను కంప్యూటర్ పెట్టి మరీ లెక్క తప్పకుండా తప్పుగా చుట్టి, దానికి అదనంగా తీసుకుంటున్నారు. అప్పట్లో కాయిల్స్‌ని మైనంలో ముంచలేదు కాబట్టి ఇప్పుడూ ముంచరు, దానికీ అదనమే. మైనం పట్టని కాయిల్‌లో తీగ కదిలి, వాల్యూమ్ పెంచగానే కీచుమంటుంది. అడిగితే ఆ కీచు కూడా సంప్రదాయమే అంటారు.

సరే, అసలు విషయానికొస్తాను. తమరి గురించి మావాడు అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఎన్ని కె?" కిలో ఓములన్నమాట. వాణ్ని ఏమనడానికీ లేదు. ఈ ఊళ్లో పుట్టిన పిల్లవాడికి ఊహ తెలిసినప్పటి నుంచి చుట్టాలూ పక్కాలూ వేసిన ప్రశ్నా అదే కదా, "ఎన్నొచ్చాయిరా?" అని. బెంజ్ సర్కిల్ ఫ్లెక్సీల మీద పిల్లల ఫొటోల కింద మార్కులున్నట్టే తమరి ఫొటో కింద 7.6, 8.1, 16.4 అని వేస్తారు. పెద్దంకె వచ్చినవాడు గొప్పవాడు. 7.6 వచ్చినవాడి వాళ్లమ్మ పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తుంది.

ఆ అంకె కొలిచేది రాగితీగ నిరోధాన్ని. అంతకుమించి ఏమీ కాదు. 42 గేజ్ తీగతో చుట్టిన చుట్లే అంతకంటే సన్నని 43 గేజ్‌తో చుడితే ఓములు పెరుగుతాయి, సత్తువ పెరగదు. అయస్కాంతం సంగతి ఆ అంకెలో అసలు లేనే లేదు. మల్టీమీటర్‌కు ఆల్నికో అయిదూ సెరామిక్కూ ఒకటే. ఇంకో ముచ్చట వినండి. రాగి నిరోధం డిగ్రీ వేడికి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. ఏసీ షోరూములో 25 డిగ్రీల దగ్గర 8 కె చూపించిన తమరు, రోహిణి కార్తెలో మా వన్‌టౌన్ రేకుల గదిలో 45 డిగ్రీల దగ్గర 8.6 కె చూపిస్తారు. ఏ కోచింగూ లేకుండా, ఒక్క ఎండ దెబ్బకు!

మావాడికి కావలసిన గుణమేమో ఆ అంకెలో దొరకదు. తమరి కాయిల్ ఇండక్టెన్స్, గిటారు నుంచి ఆంప్‌కు పోయే కేబుల్ కెపాసిటెన్స్ కలిసి, సాధారణంగా 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఒకచోట శబ్దాన్ని పైకెత్తుతాయి. ఆ గుట్ట ఎక్కడుంది, ఎంత ఎత్తుంది అన్నదాన్ని బట్టే బ్రైట్ అనీ డార్క్ అనీ తమరి పెట్టె మీద రాసుకునేది. కేబుల్ పొడవైతే గుట్ట కిందికి జరుగుతుంది. వాల్యూమ్ నాబ్ కింద ఉండే 500 కె పాట్ బదులు 250 కె పెడితే గుట్ట అణుగుతుంది. మావాడి కేబుల్ ఆరు మీటర్లు. స్టేజీ మీద వాడు కదిలేది రెండడుగులు. కేబుల్ సగానికి తగ్గించరా అంటే వినడు. చవకగా అయ్యే పనికి టోన్ మారితే వాడికి నమ్మకం కుదరదు.

తమరి వాళ్లలో కాస్త నిజాయితీగా పుట్టింది 1972 నాటి డిమార్జియో సూపర్ డిస్టార్షన్. సెరామిక్ అయస్కాంతం, చుట్లు ఎక్కువ. అప్పటి ఆంపులను గట్టిగా తోసి పగిలిన గొంతుతో అరిపించడమే దాని ఉద్యోగం. ఆ రోజుల్లో గెయిన్, అంటే శబ్దాన్ని పగిలేదాకా పెంచే ఊపు, సులువుగా దొరికేది కాదు. ఇప్పుడు మావాడి పెడల్‌లో గెయిన్ నాబ్ సగం దాటితే చాలు, కింద ఏ పికప్ ఉందో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

ఇంతకీ తమరు పాల్గొనబోయే కచేరీ ఎలాంటిదో చెప్పనివ్వండి. పటమట వైపు కల్యాణ మండపం, రిసెప్షన్, రెండు వైపులా మనిషంత స్పీకర్లు. ప్యాడ్స్ ఒకటి, కీబోర్డులు రెండు. గిటారు లైను మిక్సర్‌లో చిట్టచివరి ఛానల్. మావాడు కళ్లు మూసుకుని తీగను వంచుతుంటాడు, సౌండతను బఫే వైపు చూస్తుంటాడు.

"అన్నా, గిటార్ వినపడట్లేదు."

"వస్తోంది తమ్ముడూ, బయటికి బానే వస్తోంది."

బయటికి వెళ్లి నేనే విన్నాను. వస్తున్నది జనరేటర్. ఇందులో ఆల్నికో రెండు మెత్తదనమూ అయిదు బిగువూ ఎవరి చెవిన పడాలో తమరే చెప్పాలి.

తమరికి రవాణా ఖర్చు తప్పించే మార్గం ఒకటుంది. మొన్న మావాడి గిటారుకు ఇప్పుడున్న పికప్స్ మీదే చేసి చూశాం. ఆఖరి ఫ్రెట్ దగ్గర రెండు చివరి తీగలూ నొక్కిపట్టి, పికప్‌కు తీగకు మధ్య సందెంతో స్కేలు పెట్టి చూస్తే బ్రిడ్జి పికప్ చెక్కలో కూరుకుపోయి ఉంది. నాలుగు మిల్లీమీటర్ల పైమాటే. పక్కనున్న రింగులో రెండు చిన్న స్టార్ స్క్రూలుంటాయి. వాటిని పావు తిప్పు, పావు తిప్పు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ తీగలన్నీ కలిపి మీటుతూ పైకి లేపాం. రెండు మిల్లీమీటర్లలోపుకి వచ్చేసరికి సన్న తీగలు గలగలమన్నాయి. బ్రిడ్జి దగ్గర తీగ ఊగేది తక్కువ కాబట్టి అక్కడి పికప్ దగ్గరగా ఉండాలి. నెక్ దగ్గర ఊపు ఎక్కువ, కాబట్టి దాన్ని కిందికి దించాం, బేస్ తీగల బురద తేరింది. మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇదే ఇలా ఉంటే కొత్తవి ఇంకెలా ఉంటాయో కదన్నా" అన్నాడు. తమరి అదృష్టం తమరిది.

హమ్, అంటే కరెంటు గుర్రు, సంగతిలో మాత్రం తమరికి దండం పెడతాను. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్ చోకూ, ఫ్యాన్ రెగ్యులేటరూ, కరెంటు పోగానే గుర్రుమనే ఇన్వర్టరూ కలిసి ఒకే కాయిల్ ఉన్న పికప్‌ని బతకనివ్వవు. తమరు రెండు కాయిల్స్‌ని ఎదురెదురుగా కలిపి, అయస్కాంత ధ్రువాలనూ తిప్పి పెట్టుకున్నారు. హమ్ ఒకదానికొకటి కొట్టుకుపోతుంది, తీగ శబ్దం రెండింతలు నిలుస్తుంది. ఈ విద్య ముందు ఎవరైనా తలవంచాల్సిందే. కాకపోతే గవర్నర్‌పేట పాత మేడల్లో వచ్చే బుర్రుబుర్రు చాలావరకు ఎర్తింగ్ లేక వచ్చేది. బ్రిడ్జిని చేత్తో తాకగానే ఆగిందంటే తమరు చేయగలిగింది పెద్దగా లేదు. ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోయించుకోవాలి. తమరి ధర ముందు ఆ ఖర్చు ఏపాటిదీ కాదు.

అన్నీ చెప్పాను, అయినా మావాడు కొంటాడని నాకు తెలుసు. కనుక రాదలచుకుంటే రండి, కొన్ని షరతులు. మావాడిది పిడి పట్టి తీగలను ఊపే ట్రెమొలో బ్రిడ్జి, తీగలు ఎడంగా ఉంటాయి. ఒక్కో తీగ కింద ఉండే ఇనుప పోల్ ముక్కల వరస 49 మిల్లీమీటర్లది కాకుండా 52 దరిదాపులది పంపండి, తీగల కిందకి సరిగ్గా వస్తుంది. నాలుగు వైర్లున్న రకమే కావాలి, ఒక కాయిల్ ఆపి వాయించే వీలుంటుంది. అయస్కాంతం ఆల్నికో అయిదు చాలు. సెరామిక్ వద్దు, మావాడి పెడల్ ఇప్పటికే ఊళ్లో వాళ్లని లేపుతోంది. ఓములు మీ ఇష్టం.

ఇట్లు,
తమరి విధేయుడు (టంకం వేసే బాధ్యత నాదే కాబట్టి)

తా.క.: రెండు వేర్వేరు కంపెనీల వారు జతగా వచ్చేట్టయితే వైర్ల రంగుల సంగతి ముందే మాట్లాడుకుని రండి. సేమర్ డంకన్ వారికి నలుపు వైరు సిగ్నల్, డిమార్జియో వారికి ఎరుపు. నలుపు చూసి నలుపుకి అతికిస్తే ఒకరి రెండు కాయిల్స్ తమలో తాము కొట్టేసుకుని ముక్కుతో పాడతాయి. అప్పుడు మావాడు మళ్లీ కార్ట్ తెరుస్తాడు.