కోడిగారి గోత్రనామాలు

సంక్రాంతికి అల్లుడు వస్తున్నాడంటే గోదావరి జిల్లాల ఇళ్లలో మొదట జరగవలసినది కోడి వంశ విచారణ. మొన్న మా వీధి చివర దుకాణంలో ఒక పెద్దమనిషి పుంజును తలకిందులుగా పట్టుకుని, రొమ్ము మీది ఈకలను నోటితో ఊది చర్మం చూసి, కాళ్ల పొలుసులు గోటితో గీకి, "అసలు నాటుదేనా, మధ్యలో ఏదైనా కలిసిందా?" అని నిలదీశారు. పెళ్లిచూపుల్లో కూడా నేను ఇంత లోతైన విచారణ చూడలేదు. "పందెం జాతండి బాబుగారూ, అసీలు!" అని దుకాణదారు తల మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేశాడు. అసీలు అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. మేలిమి పుట్టుక గలదని దాని అర్థం.

ఇంతటి గంభీర విషయాన్ని ఒక దుకాణదారు ప్రమాణానికి వదిలేయడం సమాజానికి క్షేమం కాదు గనుక, జన్యుశాస్త్రం ఏమంటుందో విచారించాను. పెంపుడు కోళ్లన్నిటికీ ఎర్ర అడవికోడే మూలపురుషుడని డార్విన్ 1868లోనే వాదించాడు. 2020లో 863 కోళ్ల జన్యుపటాలను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులు, ఎర్ర అడవికోడి ఉపజాతులు ఐదింటిలోనూ పెరటి కోడికి అతి దగ్గరి చుట్టం 'స్పాడిసియస్' అనేదని, దాని స్వస్థలం నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతమని తేల్చారు. అంటే మనం 'ఈ మట్టి కోడి' అని రొమ్ము విరుచుకుని చెప్పుకునే జీవి పూర్వులు వలస వచ్చినవారే. దారి పొడవునా తగిలిన స్థానిక అడవికోళ్లతో వియ్యమందుకుంటూ మరీ వచ్చారు.

అంతకంటే అప్రతిష్ఠ కలిగించే సంగతి 2008లోనే బయటపడింది. మేతలోని పసుపు వర్ణకాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటి చర్మంలో పని మానేస్తే, ఆ రంగు చర్మంలోనూ కాళ్లలోనూ నిలిచిపోతుంది. ఈ పసుపు చర్మపు జన్యువు ఎర్ర అడవికోడిది కాదట. దక్షిణ భారతంలో తిరిగే బూడిదరంగు అడవికోడిదట! ఆ దక్షిణాది ఆస్తి నేడు ఎవరి దగ్గర ఉందయ్యా అంటే, గుడ్ల కోసం పెంచే విదేశీ లెగ్‌హార్న్ కోళ్ల దగ్గర, మాంసం కోసం పెంచే బ్రాయిలర్ల దగ్గర కూడా.

బ్రాయిలర్‌కు మనతో బంధుత్వం అక్కడితో ఆగలేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ వాసులు మన అసీలును అక్కడి కోళ్లతో కలిపి ఒక జాతిని పుట్టించి, దానికి నిజాయితీగా 'ఇండియన్ గేమ్' అనే పేరు పెట్టారు. నేటి కార్నిష్ అదే. దానికి అమెరికా సంబంధం, అంటే వైట్ ప్లిమత్ రాక్ పెట్టను, కట్టబెట్టగా వృద్ధిలోకి వచ్చిన వంశమే బ్రాయిలర్. మనం 'ఫారం కోడి' అని ముఖం చిట్లించేది విదేశాల్లో పెరిగి ఒళ్లు చేసి తిరిగివచ్చిన అసీలు మనుమడిని చూసి.

నిఖార్సైన పుట్టుకే కావాలనేవారు అడవికి వెళ్లక తప్పదు. అసలైన ఎర్ర అడవిపుంజు జతకాలం ముగియగానే మెడ మీది బంగారు ఈకలు రాల్చి కొన్నాళ్లు మసి రంగులో అణకువగా తిరుగుతుంది. మన పెరటి పుంజుకు ఆ వినయం లేదు. ఏడాది పొడుగునా పెళ్లికొడుకే. ఊరి పుంజులు అడవి అంచుల్లో సంబంధాలు కలుపుకోవడం వల్ల అడవిలోనూ ఆ అణకువ అరుదైపోతోందని పక్షిశాస్త్రజ్ఞుల దిగులు. పోనీ ఒక స్వచ్ఛమైన పుంజును పట్టి తెద్దామంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అల్లుడికి కూర దక్కకపోగా మామగారికి కటకటాలు దక్కుతాయి. కాబట్టి కోళ్లకు కూడా వంశధ్రువీకరణ పత్రాలు ఇచ్చే బాధ్యతను తహసీల్దార్లకు అప్పగించాలని ప్రభుత్వాన్ని వినయపూర్వకంగా కోరుతున్నాను.

పెద్దమనిషి చివరికి సంతృప్తి చెంది డబ్బు లెక్కపెట్టారు. దుకాణదారు ఆ పుంజు ఈకలు పీకి, మంట మీద కాల్చి, తెల్లని తోలు నిండా పసుపు పట్టించాడు. తరవాత నా వైపు తిరిగి, "మీ బ్రాయిలర్‌కు తోలు ఉంచమంటారా, తీసేయమంటారా?" అని అడిగాడు. తీసేయమన్నాను. బూడిదరంగు అడవికోడి ఇచ్చిన ఆ లేత పసుపు వారసత్వం, ఒక్క లాగుతో ఊడి, బకెట్లో పడింది.