రాహాబును మెచ్చుకున్నది దేనికి?

"మంచి కోసం ఆడే అబద్ధం పాపం కాదు, రాహాబే సాక్ష్యం" అని అబద్ధాల గురించిన మీ వ్యాసంలో రాశారు. అంత తేలిగ్గా తేల్చేయకండి. బైబిల్లో యెహోషువ గ్రంథం 2వ అధ్యాయంలో, యెరికో పట్టణపు వేశ్య అయిన రాహాబు ఇశ్రాయేలు వేగులవాళ్లను (గూఢచారులను) మిద్దెమీద జనుపకట్టెలో దాచి, వాళ్లను వెతుకుతూ వచ్చిన రాజు మనుషులతో "చీకటి పడ్డాక, గవిని (పట్టణ ద్వారం) మూసే వేళకు వెళ్లిపోయారు" అంది. కొత్త నిబంధన ఆమెను మెచ్చుకున్నది దేనికో చూడండి: హెబ్రీ 11:31లో వేగులవాళ్లను చేర్చుకున్నందుకు, యాకోబు 2:25లో వేరే దారిన పంపినందుకు. ఆ అబద్ధం గురించి రెండుచోట్లా ఒక్క ముక్క లేదు. క్రీ.శ. 420 ప్రాంతంలో క్రైస్తవ వేదాంతి అగస్టీన్ వాదించిందీ ఇదే: ప్రతిఫలం ఆమె దయకు, మోసానికి కాదు. ప్రాణాలు తీయడానికి వచ్చినవాడికి నిజం చెప్పాల్సిన బాధ్యత లేదనే బోధకులూ ఉన్నారు. ఆ వాదన బలమైనదే, కానీ అది ప్రాణాపాయం వరకే. ఇంటర్వ్యూలో, పన్ను లెక్కల్లో రాహాబు పేరు వాడుకోవడానికి అందులో చోటు లేదు.

తొలి సంఘంలో పొలం అమ్మి, వచ్చిన సొమ్ములో కొంత దాచుకున్న అననీయ సంగతి కూడా వ్యాసంలో పొరపాటుగా పడింది. డబ్బు దాచుకోవడం అతని తప్పు కాదు. పొలం అమ్మకముందూ, అమ్మాక వచ్చిన సొమ్మూ నీ వశంలోనే ఉన్నాయి కదా అని అపొస్తలుడు పేతురే అతనితో అన్నాడు (అపొ. కార్యములు 5:4). కొంత తెచ్చి, ఇదే మొత్తం అన్నట్టు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టడమే తప్పు. సుమారు మూడు గంటల తర్వాత అతని భార్య సప్పీరా వచ్చింది. "ఇంతకేనా అమ్మారు?" అని పేతురు సూటిగా అడిగాడు. అంటే, నిజం చెప్పే అవకాశం ఆమెకు దొరికింది. "అవును, ఇంతకే" అంది.