పాదు తీయవలసింది ఉగాదికి కాదు, చవితికి

సెప్టెంబరు మొదటి వారంలో హ్యూస్టన్ తెలుగువాళ్ల పెరళ్లలోకి ఒకసారి తొంగి చూడండి. బెండ మొక్కలు మనిషెత్తు పెరిగి, చిటారు కొమ్మన రెండు ముదురు కాయలతో నిలబడి ఉంటాయి. టమాటా జులైలోనే మాడిపోయి ఊతకర్రలు మిగిలి ఉంటాయి. సొర పందిరి మీద ఎండుటాకులు గలగలమంటుంటాయి. ఇంటాయన ఏసీ గదిలోంచి అటు చూసి, "ఈ ఏటికి తోట అయిపోయింది, మళ్లీ ఉగాదికి చూద్దాం" అంటాడు. ఇక మార్చి దాకా ఆ మళ్లలో గడ్డి పెరుగుతుంది. ఈ ఊళ్లో కూరగాయలకు మంచికాలం మొదలయ్యేది సరిగ్గా అప్పుడేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను.

ఈ ఉగాది అలవాటు మనది కూడా కాదు. న్యూజెర్సీ, చికాగో బంధువుల దగ్గర అంటించుకున్నది. వాళ్లకు మే నెలలో నారు నాటి, మంచు పడేలోగా కాయించుకోవడం తప్ప గత్యంతరం లేదు. వాళ్లు వాట్సాప్‌లో పెట్టే ఆనపకాయల ఫోటోలు చూసి వాళ్ల పంచాంగాన్ని మనం నెత్తికెత్తుకున్నాం. హ్యూస్టన్‌లో నీళ్లు గడ్డకట్టే చలి మొదటిసారి వచ్చేది సగటున నవంబరు చివరో డిసెంబరు మొదటో. ఫిబ్రవరి గడిచేసరికి ఆ భయం దాదాపు తీరిపోతుంది. ఇక్కడ మొక్కను చంపేది చలికాలం కాదు, ఎండాకాలం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన దగ్గర అంటారు. రోహిణి అక్కడ రెండు వారాల్లో పోతుంది. ఇక్కడ ఆగస్టు దాటినా కదలదు.

పైగా మన కుటుంబాలు ఇండియా వెళ్లేది ఎప్పుడు? పిల్లల బడికి సెలవులిచ్చే జూన్, జులైలలో. అంటే మార్చిలో పెట్టిన తోట కాపుకొచ్చే సమయానికి ఇంట్లో మనుషులుండరు. పక్కింటివాళ్లకు తాళాలిచ్చి, నీళ్లు పట్టమని బతిమాలి వెళతాం. తిరిగొచ్చేసరికి దోసపాదు తాడులా ఎండి ఉంటుంది. ఈ కథ నా ఇంట్లోనే నాలుగేళ్లు వరసగా జరిగింది.

నా కళ్లు తెరిపించింది చిక్కుడు తీగ. ఏడేళ్ల కిందట, ఇక్కడి స్నేహితురాలు ఇచ్చిన గింజలు మార్చిలో పెట్టాను. జూన్‌కల్లా పందిరంతా కప్పేసింది. జులై వచ్చినా ఆకులే, ఆగస్టు వచ్చినా ఆకులే. ఎరువు ఎక్కువైందని ఒకరన్నారు. పొటాష్ వేయమని ఇంకొకరు. అది మగ తీగ అయ్యుంటుందని మరొకరు తేల్చేశారు. విసిగిపోయి మొదలు నరికేద్దామని కత్తి పట్టుకుని వెళ్లిన ఉదయం, మా మామగారు పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. నరసరావుపేట దగ్గర పల్లెటూరు ఆయనది. వచ్చి పది రోజులైంది.

"నరకకమ్మా. ఇది పాత పందిరి చిక్కుడు, దీని తప్పేమీ లేదు. శ్రావణంలో చిక్కుడుకాయ కూర వండిన ఇల్లు ఎక్కడైనా చూశావా?"

"మార్కెట్‌లో ఏడాది పొడుగునా దొరుకుతున్నాయి కదా, మామయ్య గారూ."

"అవి ఇప్పటి గుత్తి రకాలు. రథసప్తమికి రథం దేనితో చేస్తావు మరి?"

నేను కత్తి కింద పెట్టాను. చిక్కుడుకాయలకు చీపురుపుల్లలు గుచ్చి రథం చేయడం, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టడం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మాఘమాసంలో చేసే ఆ పూజకు చిక్కుడే ఎందుకని ఎప్పుడూ ఆలోచించలేదు. అప్పటికి పందిరి నిండా ఉండేది అదే కాబట్టి.

దీని వెనక లెక్క తర్వాత తెలుసుకున్నాను. పాత రకాల చిక్కుడు పగలు కురచబడితే గాని పూతకు రాదు. విజయవాడలో జూన్ చివర పగలు 13 గంటలు, హ్యూస్టన్‌లో 14. సెప్టెంబరు చివరికి రెండు ఊళ్లలోనూ 12 గంటలకు దిగుతుంది. అప్పటిదాకా ఆ తీగ మన బతిమాలింపులు వినదు. మా తీగ సెప్టెంబరు మూడో వారంలో ఊదారంగు పూత వేసింది. దీపావళికి కూర వండాను, క్రిస్మస్ సెలవుల్లోనూ కోశాను. న్యూజెర్సీ వాళ్లకు పూత కంటపడేసరికి మంచు తరుముకొస్తుంది. చిక్కుడు విషయంలో వాళ్లే మనల్ని చూసి కుళ్లుకోవాలి.

టమాటాదీ ఇలాంటి పేచీయే. రాత్రి వేడి 75 ఫారెన్‌హీట్ డిగ్రీలకు పైన ఉంటే పూత రాలిపోతుంది గాని పిందె కట్టదు. అందుకే జులై, ఆగస్టుల్లో మొక్క పచ్చగా ఉన్నా కాయ ఉండదు. జులై చివర కొత్త నారు నాటి, మధ్యాహ్నం ఎండ తగలకుండా పాత చీర అడ్డం కట్టి ఆగస్టు దాటించండి. సెప్టెంబరు చివర రాత్రులు చల్లబడగానే పిందెలు పడతాయి. త్వరగా పండే రకాలు, చెర్రీ టమాటాలు ఎంచుకుంటే చలి లోపల పండ్లు చేతికొస్తాయి. వంకాయ మొక్కను పీకనవసరం లేదు. ఆగస్టు మొదట్లో కొమ్మలు సగానికి కత్తిరించి, మొక్క మొదలు దగ్గర ఎరువు వేసి నీళ్లు పెడితే మళ్లీ చిగిర్చి అక్టోబరులో కాస్తుంది. బీన్స్, దోస సెప్టెంబరు మొదటి పక్షంలో విత్తాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు అంతా నాటవచ్చు. ముల్లంగి, క్యారట్, బీట్‌రూట్, చుక్కకూర, మెంతి అక్టోబరులో విత్తుకోవాలి. ఇవి హ్యూస్టన్ తేదీలు. డాలస్‌లో చలి ముందే దిగుతుంది కాబట్టి రెండు మూడు వారాలు ముందుకు జరుపుకోండి. చికాగో పాఠకులు ఈ పేజీ తిప్పేసినా నేనేమీ అనుకోను.

విత్తనాల పొట్లం మీద కాపుకు 60 రోజులని రాసి ఉంటే దానికి మరో రెండు వారాలు కలుపుకోండి. వసంతంలో పగలు పెరుగుతూ పోతుంది, ఇప్పుడు తరుగుతూ పోతుంది. మొక్క నిదానిస్తుంది.

కొత్తిమీర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ దాన్ని తిట్టని తెలుగు ఇల్లు లేదు. ఏప్రిల్‌లో చల్లుతారు, నాలుగాకులు వేయగానే పూతకొస్తుంది, విత్తనం మంచిది కాదని నింద వేస్తారు. అది చలికాలపు మొక్క, వేడి తగలగానే గింజ కట్టి తప్పుకుంటుంది. అక్టోబరు రెండో వారంలో విత్తి చూడండి. వంటింటి డబ్బాలోని ధనియాలే చాలు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. గుప్పెడు పళ్లెంలో పోసి, అప్పడాల కర్రతో మెల్లగా, పిండి కాకుండా రెండు బద్దలయ్యేంత వరకే నలపాలి. రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్లు వంచి, అరంగుళం లోతున చల్లి, పైన తడి గోనెపట్టా కప్పాలి. మొలక తెల్లగా కనిపించగానే గోనె తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైతే మొలకలు గోనెకు అల్లుకుని దానితోపాటే లేచొస్తాయి. అది నా మొదటి ఏడాది అనుభవం. తరవాతి ఏడాది నుంచి మార్చి దాకా కొత్తిమీర కొనలేదు.

ఇంకొకటి, ఇది చాలామంది దెబ్బతినే చోటు. మడి ఎక్కడ తీయాలో జూన్ ఎండ చూసి నిర్ణయించకండి. దక్షిణాయనంలో సూర్యుడు కిందికి వాలిపోతాడు. పెరటికి దక్షిణాన ఆరడుగుల చెక్క కంచె ఉందనుకోండి. జూన్ చివర నడిమధ్యాహ్నం దాని నీడ ఎనిమిది అంగుళాలు. డిసెంబరు చివర అదే కంచె నీడ ఎనిమిది అడుగులు. జూన్‌లో నిప్పులు కురిసిన మూల డిసెంబరులో చీకటి కొట్టు అవుతుంది. నా మొదటి కాలీఫ్లవర్ మడి ఆ నీడలోనే పడింది. పువ్వు నిమ్మకాయంత కట్టింది. మా మామగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, "దిష్టి తీయడానికి బాగుంటుందమ్మా" అన్నారు.

మట్టి మాట వస్తే మనవాళ్లు సంచులకు సంచులు కొంటారు. ఎత్తు మళ్లకు కంపోస్టు కొనక తప్పదు, కాదనను. కానీ మన శివారు షుగర్‌ల్యాండ్ వైపు నేలను గంబో అని ఈసడించుకోవడం చూస్తే నవ్వొస్తుంది. తడిస్తే చెప్పుకు అతుక్కుని, ఎండితే నెర్రెలిచ్చే ఆ నల్లమట్టిని మామగారు ఉండ చేసి చూసి, "రేగడే కదా" అన్నారు. నిజమే. ఇక్కడి నల్ల బంకనేలలను, డాలస్ నుంచి శాన్ ఆంటోనియో దాకా పరుచుకున్న నల్లనేలలను, మన దక్కను రేగడిని మట్టి శాస్త్రంలో ఒకే తరగతిలో చేర్చారు. పేరు వెర్టిసాల్. రేగడిలో కిటుకంతా పదునే, అంటే మట్టిలో సరిపడా తడి. ముద్దగా ఉన్నప్పుడు తవ్వితే ఇటుకలవుతాయి, పూర్తిగా ఎండాక తవ్వితే గడ్డపార వంగుతుంది. జులైలో తోట ఖాళీగా ఉంటే ఆ మడిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులు మట్టితో కప్పి నెలా పదిహేను రోజులు వదిలేయండి. కలుపు గింజలూ, బెండ వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులూ చాలావరకు ఆ ఉడుకుకు చస్తాయి. ఈ ఊరి ఎండతో మనకు దక్కే లాభం ఇదొక్కటే.

ఈ రాష్ట్రపు సొంత పంట కూడా నా పక్షానే సాక్ష్యం చెబుతుంది. 1015 అనే తియ్యటి ఉల్లిపాయ గురించి వినే ఉంటారు. 1980లలో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో లెనార్డ్ పైక్ తయారు చేసిన రకం. ఆ అంకె సంకరం నంబరు కాదు, విత్తే తేదీ: పదో నెల, 15వ రోజు. మన లెక్కలో అది చిత్త కార్తె. మన ఉల్లిలాగే అదీ కురచ పగటికి గడ్డ కట్టే రకం. ఉత్తరాది రకాల ఉల్లి తెచ్చి పెడితే ఇక్కడ కాడలు తప్ప గడ్డ దొరకదు.

అభ్యంతరాలు లేకపోలేదు. తుఫానుల కాలం నవంబరు 30 దాకా ఉంటుంది. పందిరి నాలుగు మూలలా గట్టిగా పాతుకోవాలి, అంతే. ఫిబ్రవరి 2021 చలికి పోయిన కరివేపాకు చెట్ల గురించి ఇప్పటికీ ఇళ్లలో సంతాపం నడుస్తోంది. కానీ క్యాబేజీ, క్యారట్ కాస్త మంచు తగిలితే తియ్యబడతాయి. చిక్కుడు, టమాటాలకు మాత్రం దుప్పటి కప్పాలి. ఆగస్టు ఎండలో ఎవరు తవ్వుతారంటారా? పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికి లోపలికి వచ్చేయండి. అమ్మానాన్నలను రప్పించేవాళ్లు కూడా ఏప్రిల్ బదులు సెప్టెంబరులో రప్పిస్తే, పాపం వాళ్లు ఆరు నెలలు సోఫాలో కూర్చునే బదులు పెరట్లో తిరుగుతారు.

ఇక మన తెలుగు సంఘానికి ఒక విన్నపం. ఏటా ఉగాది సభలో నారు పంచుతున్నాం. దాన్ని వినాయక చవితికి మార్చండి. చవితి ఏ ఏడైనా ఆగస్టు చివరికీ సెప్టెంబరు మూడో వారానికీ మధ్యే వస్తుంది, మడి సిద్ధం చేసే అదను అదే. పత్రి కోసం ఎలాగూ అందరం పెరళ్లు వెతుకుతాం. మట్టి వినాయకుణ్ణి బకెట్‌లో నిమజ్జనం చేస్తాం, ఆ బురద నీళ్లు ఎక్కడ పోయాలో తెలియక తికమకపడతాం. క్యాబేజీ మడిలో పోయండి. సూట్‌కేసులో గింజలు దాచి తెచ్చే పని కూడా మానుకోవచ్చు. విత్తడానికి తెచ్చే గింజలకు తెగుళ్లు లేవని చెప్పే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, లేకపోతే విమానాశ్రయంలో తీసి పారేస్తారు. ఇక్కడ ఏళ్ల తరబడి కాస్తున్న తీగల గింజలు మన మధ్యే ఉన్నాయి కదా.

మొన్నటి రథసప్తమికి మా రథానికి ఆరు కాయలు మా పందిరివే. ఏడోది కొనాల్సి వచ్చింది, జనవరి చలికి దుప్పటి జారిన వైపు తీగ మాడిపోయింది. మిగిలిన కొమ్మ మీద కాయలు ఎండనిచ్చి గింజ తీశాను. ఇరవై మూడు ఇళ్లకు సరిపోతాయి, ఇంటికి నాలుగేసి చొప్పున. కాగితం పొట్లాలు కట్టి ఉంచాను. చవితి సభకు తెస్తాను.