ఒక్క సీజన్ సముద్రం

నెల్లూరు సముద్రంతో వచ్చిన చిక్కల్లా ఒకటే. అది ఏడాది పొడుగునా ఉంటుంది. మూడు నెలలుండి, పర్యావరణ రిపోర్టు ప్రింటయ్యాక సర్దుకుని వెళ్లిపోయే సముద్రమైతే దాని అడుగున చమురు బావులు తవ్వుకోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. చమురు దొరికిన చోట్లు చూస్తే పైన కృష్ణా-గోదావరి బేసిన్, కింద కావేరి బేసిన్, నడుమ మన తీరం. ఎప్పటికైనా మన వంతు వస్తుంది. అందుకని ఈ లోపాన్ని కాగితం మీద ఎలా సరిదిద్దాలో ముందే తెలుసుకుని ఉండటం జిల్లావాసుల కనీస ధర్మం.

కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ కింద తయారుచేసే పర్యావరణ ప్రభావ అంచనాకు మామూలుగా వానాకాలం కాని ఒక సీజన్ సమాచారం ఉంటే సరిపోతుంది. వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఇది ఢిల్లీ లెక్క. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ‘వానాకాలం తర్వాత’. మన చెరువులు తెగేదీ, పెన్నకు వరదొచ్చేదీ, తుపాన్లు తీరం దాటేదీ ఆ ‘తర్వాత’లోనే. జూన్‌లో మనకు కొట్టేది వడగాలి. అయినా లెక్క లెక్కే.

సీజన్ ఎంపికలోనే పనితనమంతా ఉంది. మార్చి నుంచి మే దాకా అయితే శ్రేష్ఠం. తుపాన్లు తక్కువ. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది జనవరి నుంచి మార్చి దాకా గనక, మార్చి దాటాక తల్లులు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న ప్రాణి ఇంతగా సహకరించడం అరుదు. అన్నిటికీ మించి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు, ఇంజన్ బిగించిన ఫైబర్ బోట్లు ఒడ్డెక్కి ఉంటాయి. జనం చెట్ల కింద కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటారు. సర్వే పడవ మైపాడు నుంచి జువ్వలదిన్నె మీదుగా రామాయపట్నం దాకా వెళ్లొచ్చి, ‘అధ్యయన కాలంలో ప్రాజెక్టు పరిధిలో చేపలవేట స్వల్పం’ అని నిబ్బరంగా రాసుకోవచ్చు. అందులో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు. బోట్లు దిగని రోజుల్లో బోట్లు కనపడలేదు, అంతే.

ఇక ప్రవాహం. మన తీరం వెంబడి సముద్రపు నీరు ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, నిజాంపట్నం వైపు పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వెనక్కి తిరిగి దక్షిణానికి, పులికాట్ వైపు పోతుంది. ఒలికిన ఆయిలు ఎటు పోతుందో చూపించే కంప్యూటర్ నమూనాకు వేసవి ప్రవాహం తినిపిస్తే మ్యాపులో పులికాట్ కడిగిన ముత్యంలా ఉంటుంది. అంతకంటే భద్రత కోరేవాళ్లకు ఏడాది సగటు ఉండనే ఉంది. కొన్నాళ్లు పైకి, కొన్నాళ్లు కిందికి, రెండూ కలిపి భాగిస్తే దాదాపు ఏమీ మిగలదు. సగటు సముద్రంలో ఒలికిన ఆయిలు బావి చుట్టూ ప్రదక్షిణాలు చేసుకుంటూ అక్కడే ఉండిపోతుంది.

అలాకాదు, ఒక్కో నెల గాలినీ ప్రవాహాన్నీ విడివిడిగా తీసుకుని, నమూనాను వందలసార్లు నడిపి, ఏ పాలేనికి ఎన్ని గంటల్లో ఎంత ఆయిలు తగిలే అవకాశముందో పట్టిక వేయాలని ఆ విద్య తెలిసినవాళ్లు పట్టుబడతారు. గాలి, ప్రవాహం వివరాలకు హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. కానీ అలాంటి పట్టికలో ఊళ్ల పేర్లు వేయాల్సొస్తుంది. ఊరి పేరు వేస్తే ఆ ఊరివాళ్లు చదువుతారు.

పోనీ వేళ్ల మీద లెక్కేద్దాం. తేలే ఆయిలు ప్రవాహంతో పాటు అదే వేగంతో కొట్టుకుపోతుంది. దానికి తోడు గాలి వేగంలో మూడు శాతం కలుస్తుంది. కార్తీకంలో ఈశాన్యం నుంచి 20 నాట్ల (గంటకు 37 కిలోమీటర్ల) గాలి కొడితే ఆ గాలి ఒక్కటే ఆయిలును 0.6 నాట్ వేగంతో ఒడ్డుకేసి తోస్తుంది. 24 గంటల్లో దాదాపు 27 కిలోమీటర్లు. ఆ గాలి వాలులో ఒడ్డు బావికి 25 కిలోమీటర్ల దూరంలో ఉంటే రేపీపాటికి ఇసుక మీద ఉంటుందన్నమాట. ఆయిలు ఒలికితే ఎవరేం చెయ్యాలన్న జాతీయ ప్రణాళిక ప్రకారం 700 టన్నుల దాకా కంపెనీ తన సొంత సామానుతో చూసుకోవాలి, అది దాటితే కోస్ట్‌గార్డ్ దిగుతుంది. విశాఖలో ఉండే కాలుష్య నియంత్రణ నౌక 15 నాట్ల మీద పరిగెత్తి వచ్చినా కృష్ణపట్నం ఎదురుగా చేరేసరికి 18 గంటలు. బయల్దేరమనే కాగితం మీద సంతకాలకు పట్టే గంటలు వేరే.

సొంత సామానులో ముఖ్యమైనది బూము. నీటి మీద తేలే లావుపాటి గొట్టం, దాని కింద పరదాలా వేలాడే మందపాటి గుడ్డ, గుడ్డ అడుగున బరువుకు గొలుసు. ఎన్ని మీటర్ల బూము ఉందో కంపెనీ రాసుకునే ఆయిలు ప్లానులో తప్పకుండా ఉంటుంది. ప్రవాహం 0.7 నాట్ దాటి బూముకు ఎదురుగా తగిలిందంటే ఆయిలు బొట్లు బొట్లుగా విడిపోయి గుడ్డ కిందనుంచి అవతలికి జారుకుంటుందన్న సంగతి మాత్రం ఉండదు. మన దగ్గర ప్రవాహం ఒక నాట్ దాటడం వింతేమీ కాదు. బూమును ఏటవాలుగా పరిస్తే నిలబడుతుంది. కానీ అప్పుడు పొడుగు పెరుగుతుంది, లంగర్లు పెరుగుతాయి, రెండు చివర్లా లాగిపట్టే బోట్లు, అవి నడపడం వచ్చిన మనుషులు కావాలి. అల మీటరున్నర దాటితే ఆయిలు తోడాల్సిన స్కిమ్మరు నీళ్లు తోడుతూ కూర్చుంటుంది. రసాయనం చల్లి చెదరగొడదామా అంటే 20 మీటర్ల లోతుకు తక్కువున్న చోట చల్లకూడదన్నది సాధారణ నియమం. రొయ్యా పీతా పడేది అక్కడే మరి.

2017 జనవరి 28న పులికాట్‌కు అవతలి పక్క, ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని ఆయిలు ఒలికింది. ఆఖరికి ఆ జిడ్డును ఒడ్డుకు చేర్చినవి బకెట్లు. జనం బండల మధ్య నిలబడి చేతులతో ముంచి అందించుకున్నారు. ఇకమీదట సామాను పట్టికలో బకెట్లకు కూడా ఒక వరస కేటాయిస్తే గౌరవంగా ఉంటుంది. ప్లాస్టిక్‌వి, 15 లీటర్లవి, పిడి ఊడనివి.

తవ్వేటప్పుడు బయటపడే రాతి పొడి, తవ్వడానికి బావిలోకి పంపే డ్రిల్లింగ్ బురద సంగతి 2005 నిబంధనల్లో బాగానే ఉంది. డీజిల్‌తో కలిపిన బురద నిషిద్ధం. కిలో పొడిలో 10 గ్రాములకు మించి నూనె ఉండకూడదు. కడలిలోకి వదిలేది బావికి గంటకు 50 బ్యారళ్లు, అదీ విడతలు విడతలుగా. ఇక బావిలోంచి వచ్చే నీళ్లలో నూనె లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు, వందకు 95 నమూనాల్లో. మిగతా ఐదింట్లో దాటొచ్చు గానీ 100 మాత్రం ఎన్నడూ దాటరాదు. ఆ ఐదూ ఏ రోజులవో అడిగే హక్కు మనకుంది, అడగాలన్న ఊహే రాదు.

తుపాను అధ్యాయం ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. ‘హెచ్చరిక అందిన వెంటనే సిబ్బంది సురక్షిత ప్రాంతమునకు తరలించబడుదురు.’ ఎన్ని గంటల ముందు, ఎవరి మాట మీద, ఏ పని ఆపి అన్నవి గ్రాంథికంలో ఇమడవు. నిజానికి ఈ లెక్క వెనకనుంచి వేయాలి. బావిలోని పైపు పైకి లాగి, బావి మూసి, మూత పట్టిందో లేదో చూడటానికి ఇన్ని గంటలు. వంద మందిని విడతకు పది పన్నెండు మంది చొప్పున హెలికాప్టర్లో దించడానికి ఇన్ని గంటలు. గాలి పెరిగాక హెలికాప్టర్ ఎగరదు గనక చివరి గంటలు కొట్టెయ్యాలి. కాళ్ల మీద నిలబడే జాకప్ రిగ్గును కదపాలంటే సముద్రం ముందు నెమ్మదించాలి, కాబట్టి అది ఉన్నచోటే ఉంటుంది. మొత్తం కలిపితే వచ్చే గంటల్లో తుపాను ఎంత దూరం నడుస్తుందో, అంత దూరంలో ఉండగానే పని ఆపాలి. పని ఆపితే రిగ్గు అద్దె ఆగదు. అధ్యాయం పొట్టిగా ఉండటానికి కారణం ఇదే.

1989 నవంబరు తుపాను గురించి కావలి వాళ్లకు చెప్పే పనిలేదు. అది మన దగ్గరికి రాకముందే ఇంకో పని చక్కబెట్టుకొచ్చింది. నవంబరు 3న థాయ్‌లాండ్ సింధుశాఖలో సీక్రెస్ట్ అనే గ్యాస్ డ్రిల్లింగ్ ఓడను తిరగేసింది. 97 మందిలో 91 మంది పోయారు. ప్రమాద సంకేతం పంపడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. తర్వాత నేల దాటి, బంగాళాఖాతంలో దిగి, బలం పుంజుకుని కావలి దగ్గర తీరమెక్కింది. డ్రిల్లింగ్ ఓడల మీద చేయి తిరిగిన తుపానుకు ఆతిథ్యమిచ్చిన జిల్లా మనది. ప్లానులో ఆ ముక్క ఒక లైనుకైనా నోచుకోవాలి. పాతకాలపు మాట అంటారా, 2021 మే నెలలో ముంబై సముద్రంలో టౌటే తుపాను గురించి రోజుల ముందే హెచ్చరికలున్నాయి. అయినా చమురు పనివాళ్లు ఉండే పీ-305 బార్జి మనుషులతోనే ఉంది. లంగర్లు తెంచుకుని మునిగింది. దానితో పాటు మునిగిన టగ్గును కూడా కలుపుకుంటే 86 మంది పోయారు.

బావి లోపలి భద్రతకు వస్తే, 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో జరిగిన పరీక్షను ఏ ప్లాను రాసేవారైనా పటం కట్టించుకోవాలి. బావి అడుగున సిమెంటు పట్టిందో లేదో చూడాలి. అందుకు పైనున్న బరువు తగ్గించి, లోపల్నుంచి ఒత్తిడి ఎగదన్నుతుందేమో గమనిస్తారు. ఒకే బావికి కలిసిన రెండు దారులు. డ్రిల్ పైపు మీది గేజీ 1,400 పీఎస్ఐ ఒత్తిడి చూపించింది. పక్కనున్న కిల్ లైన్లో సున్నా. రెండూ ఒకటే చూపాలి. చూపలేదంటే పరీక్ష తప్పినట్టు. రిగ్గు మీదివాళ్లు మొదటి అంకెకు ఒక సిద్ధాంతం కనిపెట్టి, రెండో అంకెను ఆమోదించారు. అదే రాత్రి 11 మంది పోయారు. పైపును కోసి బావిని మూయాల్సిన కత్తెరలకు వంగిన పైపు సరిగా చిక్కలేదు. ఆయిలు 87 రోజులు పారింది. మన ప్లానులో ఇందుకు సంబంధించి వెతకాల్సింది ఒకే వాక్యం: రెండు గేజీలు చెరో మాట చెప్పినప్పుడు పని ఆపించే అధికారం ఎవరిది? పక్కన రెండో బావి తవ్వి మొదటిదాన్ని చంపాలంటే ఆ రెండో రిగ్గు ఏ రేవులోంచి, ఎన్ని రోజుల్లో వస్తుందన్నది కూడా రాసి ఉంటే మరీ సంతోషం.

ఆ బావి కంపెనీ బీపీ ఆ సముద్రానికి రాసుకున్న ఆయిలు ప్లాన్లో రక్షించాల్సిన జంతువుల్లో వాల్‌రస్ ఉంది. ఉత్తర ధ్రువపు మంచులో తిరిగే జంతువు. సంప్రదించాల్సిన నిపుణుల్లో 2005లోనే కాలం చేసిన ప్రొఫెసర్ ఉన్నాడు. ప్లాను తేదీ 2009. మన ప్లానులోని ఫోన్ నంబర్ల పేజీని ఎవరైనా ఒక ఆదివారం రాత్రి పదింటికి వరసగా డయల్ చేసి చూస్తే సరి.

2008 భద్రతా నియమాల కింద చమురు తోడే ప్లాట్‌ఫాం చుట్టూ 500 మీటర్లు ఎవరూ రాకూడదు. అంటే సుమారు 194 ఎకరాల సముద్రం. ఆ ఇనుప కాళ్లకు నాచు పడుతుంది, నాచుకు చిన్న చేప, చిన్న చేపకు వంజరం. కొన్నాళ్లకు ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎక్కువ చేప దొరికే చోటు అదే అవుతుంది. మన ఫైబర్ బోట్లను కాగితం ఆపుతుందేమో గానీ తమిళనాడు కడలూరు నుంచి వచ్చే సోనాబోట్లను (పెద్ద మరబోట్లు) ఇన్నేళ్లుగా ఏం ఆపిందో అందరికీ తెలుసు. కాపలా బోటు ఎన్ని గంటలుంటుంది, డీజిల్ ఎవరిదన్నది రాయాలి. 2005 జూలై 27న బాంబే హైలో ఓడ ఒకటి గ్యాస్ గొట్టానికి తగిలి 22 మంది పోయిన ప్రమాదంలో ఆ తగిలింది బయటి బోటు కాదు, అక్కడ పని మీద ఉన్న ఓడే.

ప్రజాభిప్రాయ సేకరణ అంటారా, 2020 జనవరి 16 నుంచి అన్వేషణ బావులకు ఆ ఇబ్బంది తీసేశారు. తవ్వి, దొరికాక, ఉత్పత్తి దశలో అడుగుతారు. అప్పుడు 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వస్తుంది, షామియానా వేస్తారు. పాలెం పెద్ద ఒకాయన లేచి, “సార్, ఆ తేలే గొట్టం కార్తీకంలో నిలబడుద్దా?” అంటాడు. “నోట్ చేసుకున్నాం పెద్దాయనా, కూర్చోండి.” మినిట్స్‌లో అది ‘మత్స్యకారులు ఉపాధి అవకాశాలు కోరారు’గా అవతరిస్తుంది. ఆ రోజు నమోదైనదాన్ని సభ ముగిసేలోపు అక్కడే తెలుగులో చదివి వినిపించాలని నోటిఫికేషన్లోనే ఉంది. భోజనం పొట్లాలు సరిగ్గా ఆ వేళకే వస్తాయి.

నష్టపరిహారం పేజీ చివర్లో ఉంటుంది, అర పేజీ. ట్యాంకరు ఓడలోంచి ఆయిలు పోతే అంతర్జాతీయ ఒప్పందం కింద పరిహారం అడగొచ్చు. సముద్రంలోని బావికి అలాంటి ఒప్పందమేదీ లేదు. 2009 ఆగస్టు 21 నుంచి తిమోర్ సముద్రంలో మోంటారా బావి 74 రోజులు కారింది. ఇండోనేషియా తీరంలో సముద్రపు నాచు పెంచుకునేవాళ్లు ఆస్ట్రేలియా కోర్టుకెక్కి 2021లో గెలిచారు, 2022లో 19.25 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ కుదిరింది. పదమూడేళ్లు. మన దగ్గర ఒడ్డున చేపల వేలంపాట నోటిమాట మీద నడుస్తుంది. రుజువు కోసం ఏ రోజు ఏ చేప ఎన్ని కిలోలు పడిందో, ఎంతకు పోయిందో చిట్టీ అడిగి తీసుకోవాలి. దాని మీద బోటు రిజిస్ట్రేషన్ నంబరు కూడా వేయించుకోవాలి. అది లేని చిట్టీ కంపెనీ వకీలు చేతిలో ఎవరిదైనా అవుతుంది.