నీళ్లు మోసిన బాల్యం ఎవరు రాస్తారు?

గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్లు చిన్ననాటి సంగతులు రాస్తే అందులో కాలువ తప్పకుండా ఉంటుంది. లాకుల దగ్గర ఈతలు, గట్టు మీద తాటిముంజలు, సంక్రాంతికి తేగలు, తీర్థంలో కొనుక్కున్న జీళ్లు. అవి చదవడం నాకిష్టం. నేనూ చాలాకాలంగా అవే రాస్తున్నాను. కానీ ఈ మధ్య ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. మనం రాసుకుంటున్న బాల్యంలో ఆడుకున్న పిల్లలే ఉన్నారు, పనిచేసిన పిల్లలు దాదాపు కనిపించరు.

డెల్టాలో పిల్లల ఏడాదిని నడిపింది ధవళేశ్వరం. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక, కాలువలకు నీళ్లు వదిలే రోజూ, కట్టేసే రోజూ ఊళ్లకు పండగలంత ముఖ్యమయ్యాయి. జూన్‌లో నీళ్లొస్తే సార్వా, అంటే మొదటి పంట. అది ఇంటికి చేరాక రెండో పంట, దాళ్వా. దాళ్వా కోతల వేళకి, ఏప్రిల్‌లో, కాలువ కట్టేస్తారు. అంతకుముందే మంచినీళ్ల చెరువు నింపుకోవాలి, మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరంతటికీ అదే దిక్కు. జూలై వస్తే గోదారికి ఎర్రనీళ్లు. అప్పుడు కాలువలో బిందె ముంచితే ఒండ్రే వచ్చేది. మా అమ్మ సానరాయి మీద చిల్లగింజ అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపి మూతపెట్టేది. తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగి, పైన నీళ్లు తేటగా ఉండేవి.

కాలువ కట్టేసిన వేసవి గురించి నేనొకసారి రాశాను. మడుగుల్లో మిగిలిన మట్టగిడసలు, మోకాళ్లదాకా బురద, ఇంటికెళ్తే పడే దెబ్బలు. మా అక్క అది చదివి, "బాగా రాశావురా. చెరువుకి మెట్లెన్నో గుర్తుందా?" అని అడిగింది. అసలు ఆ చెరువుకి మెట్లున్నాయన్న సంగతే నాకు గుర్తులేదు. "పదకొండు. కింద రెండు మెట్లూ పాచి పట్టి జారేవి. నిండు బిందె చంకనెత్తుకుని ఎక్కేటప్పుడు బొటనవేలు రాతికి నొక్కిపెట్టుకోవాలి" అంది. 1970ల మొదట్లో మాట అది. నాకు ఎనిమిదేళ్లు, తనకి పదకొండు. పొద్దున ఆరు బిందెలు, సాయంత్రం నాలుగు. నేను చేపలు పట్టిన మధ్యాహ్నాలన్నీ ఆ పది బిందెల మధ్యవే.

అక్క ఇంకో మాట కూడా అంది. దళితుల పేట నుంచి వచ్చిన ఆడపిల్లలు మెట్లు దిగడానికి వీల్లేదు. గట్టు మీద కుండలు పెట్టుకుని నిలబడాలి. తమ బిందెలు నిండాక ఎవరికైనా మనసైతే పైనుంచి పోసేవారు. ఇది నేను చూడలేదని చెప్పలేను. రోజూ ఆ గట్టు మీదుగానే వెళ్లాను.

మన ప్రాంతం నుంచి ఆత్మకథ రాసుకున్న పెద్దలు తక్కువేం కాదు. కందుకూరి వీరేశలింగం 1848లో, చిలకమర్తి లక్ష్మీనరసింహం 1867లో, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1891లో పుట్టారు. ఆనాటి చదువులు, పెళ్లిళ్లు, ప్రయాణాలు ఎలా ఉండేవో మనకు తెలిసిందంటే చాలావరకు వాళ్ల చలవే. నేను వాళ్లను తప్పుపట్టడం లేదు. కానీ ముగ్గురూ మగవాళ్లు, ముగ్గురూ బ్రాహ్మణ ఇళ్లలో పెరిగినవాళ్లు. వాళ్లు నిలబడ్డ చోటి నుంచి కనిపించిందే వాళ్లు రాయగలిగారు. 1911లో మామిడికుదురులో దళిత కుటుంబంలో పుట్టిన బోయి భీమన్న తన జీవితం తాను రాసుకున్నారు కాబట్టి కోనసీమకు ఇంకో వైపు నుంచి చూపు దొరికింది. అలాంటి పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టాలి. ఆ వైపు నుంచి ఆడవాళ్లు రాసినవి వెతుక్కోవాల్సిందే.

"తీపి గుర్తుల్లోకి ఇవన్నీ ఎందుకు లాగుతారు?" అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. ముంజల తీపి అబద్ధం కాదు. అయితే ఆ ముంజల కోసం చెట్టెక్కినవాడికీ పదేళ్లే, వాడి పేరు మన వ్యాసంలో ఉండదు. ఆ పేరు చేరిస్తే తీపి తగ్గదు.

తొందర ఎందుకంటే, ఆ పిల్లలకు ఇప్పుడు అరవై నుంచి ఎనభై ఏళ్లు. చాలామందికి రాయడం రాదు, మనమే వెళ్లి వినాలి. ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేరు. 1953 వరదకి పుట్టావా, 1986 వరదకి మీ ఇంట్లో నీళ్లు ఎందాకా వచ్చాయి, 1996 తుపానుకి ఎన్ని కొబ్బరిచెట్లు పడ్డాయి అని అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. ఆ తర్వాత, "మీ ఇంట్లో నీళ్లెవరు తెచ్చేవారు?" అని అడగండి.

కిందటి నెల నేను మా ఊరి పేటలో ఒకావిడ దగ్గర కూర్చున్నాను. ఆవిడ ముందు చెరువు గురించి చెప్పలేదు, నెత్తిన కుండ కింద పెట్టుకునే చుట్టకుదురు గురించి చెప్పింది. వాళ్లమ్మ పాత చీర పీలికలతో చుట్టి ఇచ్చిందట. కుండ ఖాళీగా ఉన్నంతసేపూ దాన్ని చేతికి గాజులా తొడుక్కునేదట. "పోసేవాళ్లు వచ్చేదాకా నిలబడాలి బాబూ. ఒంటిపూట బడి గంట గట్టు మీదికి వినపడేది. అది విన్నాక ఇంక ఇవాళ్టికి బడి లేదనుకునేదాన్ని."

అదే బడిలో ఆ ఏడు నేను మూడో తరగతి.