పాత డెస్క్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ దండగా? ఆ మెసేజీకి నా జవాబు

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ నడిపే మా బావ పోయిన వారం నాకొక వాట్సాప్ మెసేజీ పంపించాడు. 'పాత డెస్క్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేయించుకుని మోసపోకండి' అని మొదలవుతుంది. ఎస్‌ఎస్‌డీ అంటే హార్డ్‌డిస్క్‌కు బదులు వేసుకునే, తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్కు. ఆ మెసేజీలో ఉన్నవి నాలుగు మాటలు. పాత మదర్‌బోర్డు ఆ వేగాన్ని అందుకోలేదు. అదే డబ్బుతో ర్యామ్ (కరెంటు ఉన్నంతసేపే నిలిచే తాత్కాలిక మెమరీ) పెంచుకుంటే చాలు. ఎస్‌ఎస్‌డీ మీద ఇన్నిసార్లే రాయగలం కాబట్టి రెండేళ్లలో పోతుంది. కరెంటు పోతే డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఇదే మెసేజీ అప్పటికే మరో రెండు గ్రూపుల్లో నాకు వచ్చి ఉంది.

బావ కంగారుకు కారణం ఉంది. నెల కిందట ఆయన ఆఫీసు కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ బిగించింది నేనే. "బాగానే నడుస్తోంది కదయ్యా, మరి ఇదేమిటి?" అని అడిగాడు.

మొదటి మాటలో సగం నిజముంది. బావ కంప్యూటర్‌లో ఉన్నది రెండో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 రకం మదర్‌బోర్డు. ఆ బోర్డులో డిస్కులు తగిలించే పోర్టులన్నీ సాటా 2 అనే పాత రకమే. సెకనుకు 550 ఎంబీ చదవగల ఎస్‌ఎస్‌డీ అక్కడ 300 లోపే ఆగిపోతుంది. అయితే పాత కంప్యూటర్ మనల్ని ఏడిపించేది ఈ లెక్క దగ్గర కానే కాదు. హార్డ్‌డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైమాటే. కావలసిన డేటా ముక్క చదివే సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. దానికి ముందు సూది సరైన వరుసకు జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం కలిపితే సెకనుకు ఎనభై చోట్ల వెతకగలిగితే గొప్ప. విండోస్ లేవాలన్నా, ట్యాలీ తెరుచుకోవాలన్నా చదవాల్సినవి అక్కడొకటి ఇక్కడొకటిగా పడి ఉన్న వేల చిన్న ముక్కలు. ముక్క 4 కేబీ అనుకుంటే ఎనభై ముక్కలకు వచ్చేది 320 కేబీ. పెద్ద సినిమా ఫైలును సెకనుకు 120 ఎంబీ చొప్పున చదివే డిస్కు ఈ పనిలో అర ఎంబీ కూడా ఇవ్వలేదు. ఎస్‌ఎస్‌డీకి తిరిగే పళ్లెమూ లేదు, జరిగే సూదీ లేదు. ఒక్కో ముక్కకు పట్టేది మిల్లీసెకనులో పదో వంతు.

రైల్వే గేటు పడినప్పుడు రోడ్డు ఎంత వెడల్పుంటే ఏం లాభం? ఎస్‌ఎస్‌డీ ఆ గేటునే తీసేస్తుంది. సాటా 2 అంటే గేటు దాటాక రోడ్డు కాస్త ఇరుకు, అంతే.

ఆ రోజు క్యాబినెట్ పక్క రేకు విప్పితే ఫ్యాను రెక్కల మీద బూడిదరంగు గ్రానైట్ పొడి చిక్కగా పేరుకుని ఉంది. పాత డిస్కు కరకరమంటూ ఉండగా బావ రోజూ స్విచ్ వేసి, టీ తాగి వచ్చేవాడట. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చునేలోపు తెర సిద్ధంగా ఉంటోంది. టీ మాత్రం మానలేదు.

పాత బోర్డు నిజంగా ఒప్పుకోని రకం ఒకటుంది. బిళ్లలా సన్నగా ఉండే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. ఒంగోలులో ఒక దుకాణదారు దాన్నే, బోర్డుకు తగిలించే కార్డుతో సహా అంటగట్టబోయాడు. ఆ కాలపు పాత బోర్డుల్లో చాలావాటికి దాని నుంచి బూట్ కావడం, అంటే విండోస్‌ను లేపడం రాదు. రెండున్నర అంగుళాల సాటా రకమే అడగండి. బోర్డు సొంత సెట్టింగులుండే బయోస్‌లో సాటా మోడ్ (డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి) పాతదైన ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చి, ఆ తర్వాతే విండోస్ ఎక్కించండి. ముందు ఎక్కించి తర్వాత మారిస్తే విండోస్ లేవకుండా నీలం తెర పలకరించే అవకాశమే ఎక్కువ.

ర్యామ్ సంగతి. 2 జీబీ మాత్రమే ఉంటే పెంచాల్సిందే, వాదన లేదు. 4 ఉన్నచోట 8 చేస్తే పది కిటికీలు ఒకేసారి తెరిచినా తట్టుకుంటుంది. కానీ స్విచ్ వేయగానే ర్యామ్ ఖాళీ; దాన్ని నింపాల్సింది మళ్లీ ఆ డిస్కే.

రెండేళ్ల ఆయుష్షు మాటకు చిన్న లెక్క చాలు. 250 జీబీ శామ్‌సంగ్ 870 ఈవో అనే ఎస్‌ఎస్‌డీకి కంపెనీ ఇచ్చే హామీ 5 ఏళ్లు లేదా 150 టెరాబైట్ల (1,50,000 జీబీ) రాతలు, ఏది ముందైతే అది. బిల్లులు, ఖాతాలు చూసుకునే కంప్యూటర్ రోజుకు 20 జీబీ రాసిందనుకుందాం, అదే ఎక్కువ. 150 టెరాబైట్లు నిండడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. అలాగని ఎస్‌ఎస్‌డీ చావదని చెప్పను. రాతలు నిండకుండానే లోపల పని నడిపించే కంట్రోలర్ చిప్పు పోవచ్చు. పాత డిస్కు చాలాసార్లు మూలిగి మూలిగి పోతుంది, ఇది చెప్పాపెట్టకుండా పోతుంది, అందులోంచి డేటా రాబట్టడం మరింత కష్టం. పేరూ ఊరూ లేని చవక సరుకైతే నేనూ పూచీ పడను.

కరెంటు పోతే డేటా పోతుందన్నవాడు ర్యామ్‌నూ ఎస్‌ఎస్‌డీనీ కలగలిపేశాడు. ఎస్‌ఎస్‌డీలోని ఫ్లాష్ చిప్పులు కరెంటు లేకపోయినా రాసినదాన్ని పట్టి ఉంచుతాయి, పెన్‌డ్రైవ్‌లోలాగే. ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే మాత్రం నమ్మలేం. సరిగ్గా రాస్తున్న క్షణంలో కరెంటు తెగితే ఫైలు చెడవచ్చు, హార్డ్‌డిస్క్‌కూ ఆ గండం ఉంది. అందుకే బావ చేత యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ కొనిపించాను. పాత డిస్కును తీసి బయటి పెట్టెలో బిగించి, ప్రతి శనివారం ఖాతాలు అందులోకి కాపీ చేయమన్నాను.

ఆ మెసేజీలో ఇంత రాసిన మనిషి అసలు అనాల్సిన మాట వదిలేశాడు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు (భద్రతా అప్‌డేట్లతో సహా) 2025 అక్టోబరు 14తో ముగిసింది. రెండో తరం ఐ3 మీద విండోస్ 11ను కంపెనీ ఒప్పుకోదు. ఎస్‌ఎస్‌డీ వేసినంత మాత్రాన ఆ చిక్కు తీరదు. బ్యాంకు పనులు దాని మీద చేయవద్దని బావకు ముందే చెప్పాను.

ఇదంతా విన్నాక ఆయన, "అయితే ఇంట్లో ఉన్న పాతదానికి కూడా ఒకటి వేసెయ్యి" అన్నాడు. అది పెంటియం 4 ప్రాసెసర్ ఉన్న, ఇంకా పాత కంప్యూటర్. డిస్కుకు సాటా కంటే ముందుకాలపు వెడల్పాటి ఐడీఈ పట్టీ కేబుల్, 1 జీబీ ర్యామ్, లోపల విండోస్ ఎక్స్‌పీ. దానికి మాత్రం వద్దన్నాను.