ఒంటి నడవ విమానం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఒంటి నడవ విమానం గారికి,

టికెట్టు కొన్న నాడు మాకు చూపించింది రెండు నడవల పెద్ద విమానం. బయలుదేరే ముందు రాత్రి ‘నిర్వహణ కారణాల వల్ల’ విమానం మారిందని ఒక సందేశం పంపి, మరునాడు గేటు దగ్గర తమరిని నిలబెట్టారు. యూరప్ నుంచి శంషాబాద్ దాకా తమరి ఆతిథ్యంలో గడిపిన భాగ్యాన్ని తలచుకుంటూ, మోకాళ్లు కాస్త కుదుటపడ్డాక ఈ లేఖ రాస్తున్నాను.

తమరి ఘనతను నేను కాదనడం లేదు. తమ వంశాంకురమైన ఎయిర్‌బస్ ఏ321 ఎక్స్‌ఎల్‌ఆర్ ఆగకుండా 8,700 కిలోమీటర్లు ఎగరగలదనీ, 2024 నవంబరు నుంచి మాడ్రిడ్, బోస్టన్‌ల మధ్య అట్లాంటిక్ దాటుతోందనీ విన్నాను. అందుకోసం వెనుక భాగాన 12,900 లీటర్లు పట్టే ఇంధనపు ట్యాంకు అమర్చారట. ఇంధనానికి చోటు దొరికింది గానీ మనిషికి దొరకలేదు. 1988లో తమ పెద్దన్న ఏ320 సర్వీసులోకి వచ్చిననాడు క్యాబిన్ వెడల్పు 3.7 మీటర్లు, నేడూ అంతే.

ఆ వెడల్పులో అటు మూడు, ఇటు మూడు సీట్లు పోగా మిగిలిన ఆ ఒక్క నడవ గురించే నా గోడు. భోజనాల ట్రాలీ అందులోకి వచ్చిందంటే సందులోకి బరాత్ వచ్చినట్టే: ముందుకు పోలేము, వెనక్కి రాలేము. వెనుకనున్న టాయిలెట్ల కోసం లేచిన ఒక పెద్దాయన ట్రాలీ ముందు చిక్కుకుని, అది ఒక్కొక్క వరుస కదిలినకొద్దీ తానూ ఒక్కొక్క అడుగు వేస్తూ, దారి పొడవునా అందరికీ క్షమాపణలు చెప్పుకుంటూ వెళ్లాడు. భోజనాలయ్యాక టీ వచ్చింది, టీ తరువాత ఖాళీ కప్పులు ఏరుకునే ట్రాలీ వచ్చింది, అదీ పోయాక పరిమళ ద్రవ్యాలు అమ్మే ట్రాలీ వచ్చింది. బోయింగ్ 787లో వరుసకు తొమ్మిది మంది ఉన్నా నడవలు రెండు గనుక ఒక్కో నడవకు నలుగురున్నర లెక్క పడుతుంది, తమరి దగ్గర ఆరుగురు. పైగా ఆ విమానంలో లోపలి గాలి 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటే, తమరి లోపల 8,000 అడుగుల దాకా పోతుంది, అంటే గాలి మరింత పలచన. దిగాక తల దిమ్మెక్కిందంటే ఎక్కదా మరి?

చిన్న ఊళ్ల నుంచి దూరదేశాలకు నేరుగా వెళ్లాలంటే తమరే దిక్కని పెద్దలు చెబుతారు, ఆ మాట నిజమే. మూడు వందల సీట్ల విమానాన్ని రోజూ నింపగల ఊళ్లు కొన్నే. సగం ఖాళీగా ఎగిరే పెద్ద విమానం సంస్థను ముంచుతుంది. రెండు వందల సీట్లయితే కొంత ధైర్యం చేయవచ్చు. కరీంనగర్, జగిత్యాల వాళ్లు గల్ఫ్‌కు పోయే నాలుగు గంటలకు తమరిని ఎవరూ తప్పు పట్టరు. అయితే ఆ వాదన చిన్న ఊరి విమానాశ్రయానికి చెందినది కదా! శంషాబాద్‌లో రన్‌వే పొడవు 4,260 మీటర్లు, ఎంత పెద్ద విమానమైనా దిగుతుంది, జనానికీ కొదువ లేదు. అక్కడ నీకేం పని? చిన్న ఊరి పేరు చెప్పి తయారై, పెద్ద ఊరి జనాన్ని ఇరుకులో కుక్కి, ఆదా అయిన ఇంధనం ఖర్చును కంపెనీ లాభంలో కలిపే పని తప్ప?

నీ అవసరం నిజంగా ఉన్నది మా వరంగల్ పక్కనున్న మామునూరులో. నిజాం కాలంలో కట్టిన ఆ విమానాశ్రయంలో 1981 తరువాత ప్రయాణికుల విమానం దిగలేదు. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం కొన్నేళ్లు, భూసేకరణ కొన్నేళ్లు దాన్ని పడుకోబెట్టాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అనుమతి కాగితం రన్‌వే కాదని ఇక్కడ చిన్న పిల్లవాడికీ తెలుసు గనుక, మేమింకా తెల్లవారుజామున హనుమకొండలో బయలుదేరి, ఘట్‌కేసర్ దగ్గర రింగు రోడ్డెక్కి, విమానం ఎక్కకముందే సగం అలసిపోతున్నాం.

కాబట్టి అక్కడికి రా. మే నెల ఎండకు గాలి పలచబడితే నిండు ఇంధనంతో లేవడానికి పొడవైన రన్‌వే కావాలని నాకు తెలుసు. ఆ ఎండల్లో లండన్ అడగను, షార్జా చాలు. మామునూరులో ఎక్కి మామునూరులో దిగే పక్షంలో మధ్య సీటు ఇచ్చినా నోరెత్తను. కానీ చలికాలంలో ఎప్పుడైనా లండన్‌కు బయలుదేరదీస్తే, ఆ వెనుక టాయిలెట్లకు తోడు మధ్యలో మరొకటి కట్టించుకుని రా. ట్రాలీకి ఇటువైపు ఒకటి, అటువైపు ఒకటి ఉండాలి.

ఇట్లు,
27-ఈ సీటు ప్రయాణికుడు,
హనుమకొండ.